మధ్యాహ్నం చేరినవాడు

నమోదు 4011

ఉదయం తొమ్మిదింటికి గోడ మీది హాజరు పలకకు బొటనవేలు ఆనించాను. నాలుగుసార్లు నమ్మలేదు. డెబ్బై తొమ్మిదేళ్ల వేలు, గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, కాస్త ఊది, ఐదోసారి పెడితే "ఆచార్య పిన్నింటి ఆదిశేషు, భూగర్భ జల శాఖ, హాజరు" అంది. అంటే శాఖ ఇంకో రోజు బతికింది.

మా విశ్వవిద్యాలయంలో నియామకాలు ఆగిపోయి ముప్పై ఒక్క ఏళ్లు. పోస్టు మనిషితో పాటే పోవాలని శాసనసభ తీర్మానించింది. అందుకే మాకు రిటైర్మెంటు లేదు. వరసగా మూడు రోజులు వేలు పడకపోతే పోస్టు పోతుంది, మళ్లీ రాదు. గుండె కోయించుకున్నవాళ్లు కూడా మూడో రోజుకు చక్రాల కుర్చీలో వచ్చి వేలు పెట్టి వెళతారు.

ఆ తర్వాత ఈ దినచర్య, రోజుకొక నమోదు. ఈ రోజు నేను రాష్ట్రానికి ఎలా ఉపయోగపడ్డానో రెండు వందల మాటలకు తగ్గకుండా రాయాలి. యంత్రం చదివి వందకు ఇంత అని అంకె వేస్తుంది. నిన్నటిదానికి నాలుగు వచ్చింది. మనిషి ఎవడూ దీన్ని చదవడని తెలిశాకే నాకు రాయడం మీద ఇష్టం కలిగింది.

నిన్న సాయంత్రం శాసనసభ పదకొండు నిమిషాల్లో పద్నాలుగు బిల్లులు ఆమోదించింది. ఏడోది మాది. ముగ్గురు రెగ్యులర్ అధ్యాపకులు లేని ఏ శాఖా ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఉండకూడదు. ముప్పై రోజుల గడువు. ఆ తర్వాత ఆ శాఖకు ఇచ్చే నిధి, గదులు, అన్నీ కింది అంతస్తులోని బోధన యంత్రాలకు పోతాయి. నా శాఖలో నేనొక్కణ్నే.

చరిత్ర చాలా చదివాను. రాజ్యాలు చదువును తగలబెట్టి చంపుతాయని పుస్తకాల్లో ఉంటుంది. మా రాష్ట్రం అంత శ్రమ పడలేదు. తలలు లెక్కపెట్టింది.

నా ఒక్కడి కోసమే అయితే ఈ కబురు విని, వరండాలో ఆరబెట్టిన వడియాలు తిరగేసి ఇంటికి పోయేవాణ్ని. కింద నలభై లక్షల మందికి పాఠాలు చెప్పే యంత్రాల వేడి మా అంతస్తుకు వస్తుంది. వడియాలు రెండు గంటల్లో ఆరిపోతాయి. విశ్వవిద్యాలయం నాకు ఇప్పటికీ చేస్తున్న మేలు అదొక్కటే.

కానీ పదకొండు గంటలకు దమయంతి వచ్చింది. కొయ్యాన దమయంతి, నా పరిశోధక విద్యార్థి, ముప్పై ఆరేళ్ల మనిషి. ఆరేళ్లుగా ఈ తీరం పొడవునా రెండు వందల పన్నెండు బావులు కొలిచింది. నెలకు రెండుసార్లు, ఉక్కు టేపుకు సుద్ద రాసి, బావిలోకి దించి, సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి. ప్రభుత్వం భూమిలో పాతిన కొలత గొట్టాలు ఈ తీరమంతా ఉప్పు నీరని చెబుతాయి. దమయంతి కొలతలో ముప్పై ఎనిమిది బావుల్లో మంచినీరు తిరిగి వస్తోంది. అందులో పంతొమ్మిది ఆమె సొంత ఊరు మెట్టపాలెంలో ఉన్నాయి. గొట్టాల మాట పట్టుకుని ఆ ఊరిని ఖాళీ చేయించబోతున్నారు. డాక్టరేట్ పట్టా లేనివాళ్ల కొలతను రాష్ట్రం కొలతగా ఒప్పుకోదు. ఆమె సిద్ధాంత గ్రంథం ఇచ్చేసింది. వైవా ఒక్కటే మిగిలింది.

"బిల్లు చూశారా సార్?"

"చూశాను."

"నా వైవాకి ఇంకా నలభై రెండు రోజులుంది."

"అవును."

"శాఖ ముప్పయ్యో రోజున పోద్ది కదండీ?"

"పోతుంది. నీ రిజిస్ట్రేషనూ పోతుంది. పాక్షిక అధ్యయన పత్రం అని ఒకటి ఇస్తారు. అంచులకు పూలుంటాయి."

"ఏటి సార్, అలగెలగ చేసేస్తారు?" అంది దమయంతి. కోపంతో కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

 మా వైవాలకు బయటి నుంచి ఒక మనిషి పరీక్షకుడు రావాలి. దేశం మొత్తం మీద ఈ విషయంలో పరీక్షించగల మనుషులు నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో కదలగలిగింది ఒక్కడు. ఆయన చెప్పిన తేదీ అదే. ముందుకు జరపమని రాశాను. జరగదని ఆయన మనవరాలు జవాబిచ్చింది.

నమోదు 4014

నిన్నటి అంకె రెండు.

తవిటయ్యకు సన్మానం జరిగింది. ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి శాసనమండలికి ఎన్నికైనవాడు, నా పాత విద్యార్థి. ద్రవాల గతిశాస్త్రం రెండుసార్లు తప్పి, మూడోసారి నేను సెలవులో ఉండగా పాసయ్యాడు. మమ్మల్ని మూసే బిల్లును ఆమోదించిన నాలుగో రోజునే మేం అతనికి శాలువా కప్పాం. శాలువా ముందే కొనేశారట, తిరిగి తీసుకోరట.

తినుబండారాల బల్ల దగ్గర పట్టుకున్నాను.

"బిల్లు చదివావా తవిటయ్యా?"

"సారాంశం విన్నాను మాస్టారూ."

"సారాంశంలో ఏముంది?"

"ప్రభుత్వ విశ్వవిద్యాలయాల బలోపేతం అని ఉందండి. బలోపేతం అంటే వద్దని ఎలగంటాం?"

"నువ్వు మా ప్రతినిధివి కదా."

"మరే కదండి. కానీ మాస్టారూ, నా ఓటర్లు ఆరు వందల మంది మిగిలారు. అందులో సగం మంది మంచం మీదే ఉన్నారు. సభలో నేను లేచి నిలబడితే నవ్వుతారండి. పోనీ నవ్వినా బాధ లేదు. ఎవడూ తలెత్తి చూడడు."

ఇరవై రెండేళ్లకు నాకు ఎంత తెలుసో ఇతనికి యాభైలో అంత తెలియదు. కానీ ఈ మాట మాత్రం సూటిగా చెప్పాడు. ప్లేటు కింద పెట్టి, మణికట్టు మీది తెరను అడిగి, బిల్లు మొత్తం అప్పుడు చదివించుకున్నాడు. ఆమోదించిన నాలుగో రోజున, బూరె నములుతూ.

"ఇదిగోండి మాస్టారూ, ఒక దారుంది. ఒకప్పుడు ఒకే శాఖగా ఉండి విడిపోయినవి మళ్లీ కలవొచ్చట. ఇద్దరు అధిపతులూ కలిసి ఉత్తరం ఇవ్వాలి. ఎవరు సీనియరో ఒప్పుకుని రాయాలి. మధ్యలో కోర్టు కేసు ఉండకూడదు." తలెత్తి నన్ను చూశాడు. "మీదీ విశాలాక్షి మేడందీ అప్పట్లో ఒకటే శాఖ గదండి?"

వడియాలు తీయాలని చెప్పి వచ్చేశాను.

నమోదు 4016

మజ్జి విశాలాక్షి నేల శాస్త్ర శాఖ అధిపతి. నాకన్నా ఏడాది చిన్న. ఆవిడ శాఖ మా గోడకు అవతలే ఉంది. మేం మాట్లాడుకుని ఇరవై ఏడేళ్లు.

నలభై తొమ్మిదేళ్ల కిందట మా ఇద్దరికీ ఒకే ఉత్తర్వులో ఉద్యోగాలు వచ్చాయి. ఒకే రోజున చేరాం. ఆవిడ చేరిక కాగితం మీద పూర్వాహ్నం అని ఉంది. నా దాని మీద అపరాహ్నం. ఆ పూట తేడాతో ఆవిడ నాకు సీనియర్. ఇరవై రెండేళ్లు దాని వల్ల ఏ ఇబ్బందీ కలగలేదు. శాఖాధిపతి కుర్చీ ఖాళీ అయిన రోజున కలిగింది.

నేను కోర్టుకు వెళ్లాను. నా కాగితం ఉదయమే ఇచ్చాననీ, గుమాస్తా దాలినాయుడు నిర్లక్ష్యంగా మధ్యాహ్నం దాకా బల్ల మీద పెట్టుకుని ఆ తర్వాత నమోదు చేశాడనీ అఫిడవిట్ వేశాను. కేసు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఏడుగురు జడ్జిలు మారారు. మా గొడవ చూడలేక ఆనాటి వైస్ ఛాన్సలర్ శాఖను రెండు చేశాడు. నీళ్లు నాకు, నేల ఆవిడకు. మధ్యలోని తలుపు ఇటుకలతో మూయించి రెండు బోర్డులు రాయించారు. నేల లేకుండా భూగర్భ జలం ఎక్కడ ఉంటుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అప్పటికి ఆవిడ వైపు తొమ్మిది మంది, నా వైపు ఎనిమిది మంది. ఇప్పుడు ఆవిడ వైపు ఇద్దరు. ఆవిడా, లెంక అప్పలస్వామీ. నియామకాలు ఆగకముందు చివరగా చేరినవాడు అతనే, అరవై ఆరేళ్లు. ఈ భవనంలో అతన్ని ఇంకా కుర్రాడనే పిలుస్తారు.

రెండూ ఒకటీ కలిస్తే మూడు. ఈ లెక్క ఆవిడకూ వచ్చు. కనుక ఆవిడే వస్తుందని చూస్తున్నాను.

నమోదు 4020

రాలేదు. అప్పలస్వామి వచ్చాడు. మా మధ్య చీటీలు మోసి మోసి అతనికి నడుము వంగింది.

"మేడం అడగమన్నారండి, ఆదిశేషు గారు బతికే ఉన్నారా అని."

"ఉన్నానని చెప్పు."

"చెప్తానండి. ఉంటే ఎందుకు రాలేదో కూడా కనుక్కోమన్నారు."

"ఆవిడెందుకు రాలేదో కనుక్కో."

"అదడిగానండి. మెట్లు దిగి ఎక్కాల్సింది కేసు వేసినవాళ్లంట." అతను గుమ్మంలోనే నిలబడి, వడియం ఒకటి తీసుకుని కొరికాడు. "ఉప్పు తక్కువైంది. నేనొకటి చెప్పనా మాస్టారూ? ఇరవై ఏడేళ్లలో మీ ఇద్దరి మధ్య నేను నడిచిన దూరం మద్రాసు పోయి వచ్చేంత ఉంటాది. ఒక్క చీటీలో కూడా చదువుకి సంబంధించిన ముక్క లేదు."

నమోదు 4024

ఇవాళ దమయంతి నన్ను మెట్టపాలెం తీసుకువెళ్లింది. అడిగి కాదు. పడవ టిక్కెట్లు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది.

మూడేళ్ల తర్వాత బావుల దగ్గరికి వెళ్లాను. నేను సుద్ద రాశాను, ఆమె టేపు దించింది. ఊళ్లో సగం ఇళ్ల ముందు సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి. అధికారులు వారం తేడాలో రెండుసార్లు వచ్చి తేదీ చెప్పి వెళ్లారట. ఒకావిడ మూటలో నుంచి పళ్లెం తీసి మాకు అటుకులు పెట్టి, పళ్లెం కడిగి మళ్లీ మూటలో పెట్టింది. ఎవరూ దమయంతిని ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తిరుగు పడవలో దమయంతి అంది.

"సార్, కోపం తెచ్చుకోకండి. ఆ కేసు గెలిస్తే మీకేటొస్తాది?"

"సీనియారిటీ."

"ఎవరి మీద? అప్పలస్వామి గారి మీదా?"

పడవలో ఒకడు నవ్వాడు. అతనికి అప్పలస్వామి ఎవరో తెలియదు. అయినా నవ్వాడు.

"ఆరేళ్లు సార్," అంది ఆమె. "మా ఆయన చనిపోయిన నెలలో కూడా నేను కొలత ఆపలేదు. మీరొక గోడ దాటలేరా?"

నమోదు 4027

దాటాను. గోడకు తలుపు లేదు కనుక కింది అంతస్తుకు దిగి, యంత్రాల హాలు గుండా నడిచి, అవతలి మెట్లు ఎక్కాను. హాలులో యంత్రాలు పిల్లలకు నాలాగే గొంతు సవరించుకుని పాఠం చెబుతున్నాయి. పదేళ్ల కిందట మా గొంతులు రికార్డు చేసుకుని వెళ్లారు. దగ్గు తీసేయడం మరిచిపోయారు.

విశాలాక్షి గది నా గది కన్నా చిన్నది. ఇన్నేళ్లూ పెద్దదనుకున్నాను.

"కూచోండి," అంది. "కుర్చీ మీద కాయితాలు తీసి కూచోండి. ఇద్దరం నిలబడితే ఎవరు ముందు కూచున్నారని మళ్లీ కేసు వేస్తారు."

కూర్చున్నాను. అప్పలస్వామి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నట్టు నటించాడు.

"సీనియారిటీ మీరే తీసుకోండి," అన్నాను. "కేసు వెనక్కి తీసుకుంటాను. రాజీ అని రాస్తాను. మీరూ సంతకం పెట్టండి."

"రాజీ అక్కర్లేదు నాకు."

"మరేం కావాలి?"

"ఆ రోజు మీ కాయితం ఎన్నింటికి ఇచ్చారు?"

నేను ఆ ప్రశ్నకు కోర్టులో ఏడుగురు జడ్జిల ముందు జవాబు చెప్పాను. ఆవిడ ముందు, కుర్చీ మీంచి తీసిన కాగితాల అంచులు సర్దుతూ కూర్చున్నాను.

"దాలినాయుడు పోయి పద్నాలుగేళ్లయింది," అంది విశాలాక్షి. "మీ అఫిడవిట్ తర్వాత రెండు ఇంక్రిమెంట్లు కోశారు. ప్రమోషన్ ఆపారు. సీనియర్ అసిస్టెంటు కాకుండానే దిగిపోయాడు. కనిపించినప్పుడల్లా ఒకటే మాట. 'నేను రాసింది నిజమేనమ్మా, ఆయన మధ్యాహ్నమే ఇచ్చారమ్మా' అని. నాకెందుకు చెప్తాడు? నాకు తెలుసు కదా. ఇంకెవరూ వినేవాళ్లు లేక చెప్పేవాడు. ఈ వయసులో నేను అధిపతినై ఏం ఏలాలి? అతను రాసింది నిజమని రాయండి. అప్పుడు సంతకం పెడతాను."

"అలా రాస్తే దొంగ అఫిడవిట్ వేసినట్టు ఒప్పుకోవడం. నా ఉద్యోగం పోతుంది. నేను పోతే మీరు ఇద్దరవుతారు. మీ శాఖా పోతుంది."

"పోనీండి. ముగ్గురు ముసలివాళ్లం వేళ్లు తుడుచుకుంటూ దీన్ని ఎన్నాళ్లు మోస్తాం?"

"దమయంతి సంగతి?"

ఆవిడ మొదటిసారి తల దించుకుంది. "ఆ పిల్ల కొలతలు చదివాను. అప్పలస్వామి చేత తెప్పించుకుని చదివాను. బాగున్నాయి. అందుకే మిమ్మల్ని రాయమంటున్నాను. కొలిచింది కొలిచినట్టు రాయాలని ఆ పిల్లకి చెప్పింది మీరే కదా?"

నమోదు 4029

ఎవరూ చదవరు కనుక ఇక్కడ ముందు రాసి చూస్తాను.

ఆ రోజు నేను తొమ్మిదిన్నరకే వచ్చాను. గుమాస్తా బల్ల ముందు నలుగురున్నారు. ఆ పక్కనే లైబ్రరీ. అంత పెద్ద లైబ్రరీ నేను అంతకుముందు చూడలేదు. వరస తగ్గేదాకా చూసి వద్దామని వెళ్లాను. అప్పటికి నూరేళ్ల కిందట ఎవడో దొర ఈ జిల్లా బావులన్నీ తిరిగి చేసిన సర్వే ఒకటి దొరికింది. ప్రతి బావికీ లోతు, రుచి, తవ్వించిన వాళ్ల పేరు. నిలబడి మొదలుపెట్టి కూర్చుని చదివాను. తలెత్తేసరికి రెండుంపావు. కాగితం జేబులోనే ఉంది.

దాలినాయుడు భోజనం చేసి వచ్చి, నవ్వుతూ తీసుకుని, ఉన్నది ఉన్నట్టు రాశాడు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నా జీవితానికి విషయం దొరికిన రోజు అది. కానీ పుస్తకం చదువుతూ ఆలస్యమైందని చెబితే కుర్చీ రాదు. గుమాస్తా ఆలస్యం చేశాడంటే వస్తుందనుకున్నాను. తర్వాత ఇరవై ఏడేళ్లు అదే నిజమన్నంత కోపంగా ఉన్నాను. మంత్రుల మీద, వైస్ ఛాన్సలర్ల మీద, ఆవిడ మీద, బిల్లులు చదవని తవిటయ్య మీద. ఈ దినచర్యలో నాలుగు వేల రోజులుగా వీళ్లందరి లెక్కా తేల్చాను. దాలినాయుడి పేరు నాలుగు వేలు దాటాక గానీ రాలేదు.

సాయంత్రం సర్వీసు నిబంధనలు తీసి చదివాను. శాసనసభ్యులు చదవనివి చదవడమే నేను జీవితమంతా చేసిన పని. దొంగ అఫిడవిట్ ఒప్పుకున్న ఉద్యోగికి ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు కాలంలో అతను రెగ్యులర్ ఉద్యోగే. గడువు 4041. వైవా 4053. రెండు రోజులాగి సంతకం పెట్టినా రేపే పెట్టినా వైవా దాటేదాకా ముగ్గురమే ఉంటాం.

ఆవిడ కూడా ఇది చదివే ఉంటుంది. ఆవిడ ఎప్పుడూ నాకన్నా ముందే చదివేది.

నమోదు 4033

పెట్టాను. కేసూ వెనక్కి తీసుకున్నాను. నాలుగు రోజులు ఎందుకు ఆగానో అడగవద్దు. మొదటి మూడు చిత్తుప్రతుల్లోనూ దాలినాయుడి పేరు కన్నా నా పేరు ఎక్కువసార్లు వచ్చింది.

విశాలాక్షి గదిలో ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. నేను రాసింది ఆవిడ రెండుసార్లు చదివింది.

"లైబ్రరీలోనా?"

"అవును."

"ఏం పుస్తకం?"

చెప్పాను.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే నేను సీనియారిటీకి పేచీ పెట్టేదాన్ని కాదు." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అబద్ధం. పెట్టేదాన్నే."

అప్పలస్వామి గట్టిగా నవ్వి, మా ఇద్దరి మొహాలూ చూసి ఆపేశాడు. తర్వాత మేం నవ్వాం కనుక మళ్లీ మొదలుపెట్టాడు.

ఉత్తరం పలక ముందు పెట్టాం. ఒకే నిమిషంలో రెండు జవాబులు వచ్చాయి. ఒకటి, నేల–జల సంయుక్త శాఖ గుర్తింపు పొందింది, అధిపతి ఆచార్య మజ్జి విశాలాక్షి. రెండు, ఆచార్య పిన్నింటి ఆదిశేషుకు ముప్పై రోజుల నోటీసు. రెండింటి కిందా ఒకే శుభాకాంక్షలు ఉన్నాయి.

ఉత్తరం నకలు దాలినాయుడి కూతురికి పోస్టులో పంపాను. ఏం రాయాలో తెలియక నకలు ఒక్కటే పంపాను.

నమోదు 4041

చట్టం అమల్లోకి వచ్చింది. పదిహేడు శాఖలు పోయాయి. ఉదయం హాజరు పలక ముందు తర్కశాస్త్రం ఆచార్యుడు వేలు పెడితే "గుర్తింపు లేదు" అంది. ఆయన వేలు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. వెనక వరసలో మేమంతా ఆగాం. ఆరుసార్లు పెట్టాడు. ఎవరం తొందర పెట్టలేదు.

మా ముగ్గురి వేళ్లూ పడ్డాయి.

నమోదు 4053

వైవా జరిగింది.

పరీక్షకుడు వచ్చాడు, మనవరాలి చెయ్యి పట్టుకుని. నాకన్నా పెద్దవాడు. చెవి వినపడదు గానీ అంకెలు బాగా కనపడతాయి. కొలతల పుస్తకాలు బల్ల మీద పరిచి గంటన్నర తిరగేశాడు. దమయంతి నిలబడే ఉంది. తర్వాత అధిపతి హోదాలో విశాలాక్షి అడిగింది.

"ప్రభుత్వం గొట్టాలు ఉప్పంటున్నాయి. నీ సుద్ద టేపు లోతు చెబుతుంది గానీ ఉప్పు చెప్పదు కదమ్మా. మంచినీరని ఎలా అన్నావు?"

నేను ఆరేళ్లలో ఆ ప్రశ్న ఆమెను అంత మొరటుగా అడగలేదు. అడగాల్సింది.

"టేపు లోతుకే మేడం," అంది దమయంతి. "ప్రతిసారీ సీసాలో నీళ్లు పట్టి, ఉప్పెంతో ఇక్కడికొచ్చి తేల్చాను. రెండో సంపుటం అంతా అదే. నీటిమట్టం పెరిగిన బావుల్లోనే ఉప్పు తగ్గింది. గొట్టాల సంగతంటారా, మెట్టపాలెంలో ఏడు తవ్వి చూశాను. ఐదు గొట్టాలకి మట్టి పూడిపోయింది. అవి కొలుస్తోంది పాతినప్పుడు లోపల నిలిచిపోయిన నీళ్లని. తొమ్మిదేళ్ల నాటి నీళ్లు మేడం అవి. ఇప్పటి నీళ్లు వాటిలోకి వెళ్లనే లేదు."

"ప్రభుత్వ ఆస్తి తవ్వావా?"

"తవ్వి మళ్లీ పూడ్చానండి."

పరీక్షకుడికి మనవరాలు చెవిలో అరిచి చెప్పింది. ఆయన బల్ల మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. అది మెప్పో, ఇంక చాలన్న మాటో మాకు అర్థం కాలేదు. తర్వాత సంతకం పెట్టాడు. విశాలాక్షి పెట్టింది. పర్యవేక్షకుడి గడిలో నేను పెట్టాను. నాకు ఉద్యోగం ఇంకా పది రోజులుంది. సంతకం చెల్లుతుంది.

తవిటయ్య ఎలా తెలుసుకున్నాడో వచ్చి శాలువా కప్పాడు. దమయంతికి కప్పాల్సింది విశాలాక్షికి కప్పి, తప్పు తెలిసి ఆవిడ దగ్గర అడిగి తీసుకుని దమయంతికి కప్పాడు. వచ్చే సమావేశాల్లో సవరణ పెడతానని నాతో అన్నాడు.

"చదివి పెట్టు," అన్నాను.

"చదివే పెడతాను మాస్టారూ." తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. "మీరు మీ ఉత్తరంలో అలగ రాయకుండా ఉండాల్సింది. మంచి శాఖ ఒకటి మిగిలేది."

అతని మాటలో న్యాయం లేకపోలేదు. 

నమోదు 4063

నోటీసు ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకు ముగిసింది. పన్నెండూ ఒక నిమిషానికి సంయుక్త శాఖ రద్దయినట్టు పలక మీద వచ్చింది. ఈ దినచర్య సాయంత్రం ఐదు దాకా తెరిచి ఉంటుందట.

దాలినాయుడి కూతురి దగ్గర నుంచి జవాబు రాలేదు. రావాలని లేదు.

ఒంటి గంటకు దమయంతి పరుగున వచ్చింది. పట్టా అందిన రోజే కొలతలు జిల్లా కార్యాలయంలో ఇచ్చింది. సాక్ష్యంగా తీసుకున్నారు. మెట్టపాలెం తరలింపు ఆపి, గొట్టాలు తీసి మళ్లీ చూడాలని ఉత్తర్వు వచ్చింది. కాగితం నా చేతికిచ్చింది. మొదటి వాక్యంలోనే డాక్టర్ కొయ్యాన దమయంతి అని ఉంది. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోతే ఆమె వేలితో కింది పేరా చూపించింది.

"ఆపినట్టేనా సార్? మళ్లీ తిరగరాయరు కదా?"

"శాసనసభ కూర్చునేదాకా ఆపినట్టే."

"ఎప్పుడు కూర్చుంటారు?"

"నాలుగు నెలలకు."

"నాలుగు నెలలు చాలు సార్. ఎనిమిది కొలతలొస్తాయి." ఆమె ఉత్తర్వు మడిచి సంచిలో పెట్టుకుంది. "రెండింటి పడవకి వెళ్తాను. మూటలు విప్పమని చెప్పాలి. ఫోన్ లో చెప్తే నమ్మరు."

వెళ్లేముందు విశాలాక్షి కాళ్లకూ నా కాళ్లకూ దండం పెట్టబోయింది. విశాలాక్షి పెట్టనివ్వలేదు. "పడవ పోద్ది, పో," అంది. అన్ని సంవత్సరాల చదువు తర్వాత ఆవిడ నోట పుట్టింటి మాట విన్నాను.

మేం ముగ్గురం మిగిలాం. నెల రోజుల కిందట రాయించిన కొత్త బోర్డు దించి స్టోరులో అప్పగించాలని నోటీసు. అప్పలస్వామి స్టూలు ఎక్కాడు. విశాలాక్షి ఒక చివర, నేను ఒక చివర పట్టుకున్నాం. పైన మేకులు వదులయ్యేసరికి బరువంతా మా చేతుల మీదికి వచ్చింది.

"పట్టుకున్నారా?" అంది ఆవిడ.

"పట్టుకున్నాను. మీరు?"

"మాటలు తర్వాత. ముందు దించండి."